కుళాయికి పెట్టిన దణ్ణం

జూన్ 4

చెవులపిల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, పిన్ని మోకాళ్ళు తప్ప. ఆ మోకాళ్ళ కోసమే పిన్ని నిన్న పొద్దున బస్సెక్కి మీ ఊళ్ళో ఉన్న వాళ్ళ అక్కయ్య ఇంటికి వెళ్ళింది. అక్కడెవరో మంచి వైద్యుడున్నాడట. బాబాయికి వండి పెట్టడానికి నేను వచ్చాను. పిన్ని వెళ్తూ తన తలగడ, గోడ మీది అద్దం, కుట్టుమిషను కూడా తీసుకెళ్ళింది. మోకాళ్ళ వైద్యానికి కుట్టుమిషను ఎందుకో నాకు బోధపడలేదు. ప్రయాణమయ్యే మనిషిని అలాంటి ప్రశ్నలు అడగకూడదని ఊరుకున్నాను.

సన్మానం సంగతి రాయమన్నావు కదా. బాగా జరిగింది. హాలు నిండిపోయి, పక్క దుకాణం వాళ్ళు బెంచీలు తెచ్చి వేశారు. బాబాయి ఒక్కొక్కరినీ తలుచుకుని కృతజ్ఞతలు చెప్పాడు. తబలా తాతకి, పాతకాలం రికార్డింగు మనిషికి, ఎప్పుడో ఒకసారి ఫ్యూజు పోతే వేసిన కరెంటు మనిషికి కూడా. చివర్లో, "ఇన్నేళ్ళు నా పక్కనే ఉండి, నా ఊపిరి కనిపెట్టి, నన్ను తాళం తప్పనివ్వని తోడు ఒకటుంది" అన్నాడు. ముందు వరసలో పిన్ని సర్దుకుని లేవబోయింది. "అదే మా పెరటి కుళాయి!" అని బాబాయి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. హాలంతా చప్పట్లు. పిన్ని కూడా కొట్టింది. అందరూ ఆపేశాక కూడా కాసేపు కొట్టింది. తెల్లారేసరికి మోకాళ్ళ నొప్పి మొదలైంది. ఆ హాలుకి మెట్లు ఎక్కువలే.

మీ రికార్డుల కంపెనీ వాళ్ళు బాబాయి పాటలన్నీ ఒక పెట్టెలో కలిపి వేస్తూ, చివర్లో ఒక కొత్త పాట అడిగారు కదా. బాబాయి అప్పుడే మొదలుపెట్టాడు. "చెప్పని మాటొకటి నాలుక మీదుంది" అని మొదటి పాదం వచ్చింది. రెండోది రావట్లేదు. "అమ్మాయ్, ఈ వయసులో ఇంకో పాట ఉంటుందని నేననుకోను. ఇదొక్కటీ పాడకపోతే, ఇల్లు కట్టి తలుపు పెట్టనట్టే" అన్నాడు. నెలాఖరుకి కాదు, వచ్చే నెల ముప్ఫయ్యో తేదీకి మీ రికార్డింగు మనిషి వస్తాడని చెప్పాను. పెరటి గదిలో కుళాయి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. పాట పూర్తి కావాలని నేను రోజూ దేవుడి ముందు అడుగుతున్నాను. నువ్వు కూడా అడుగు. నీకు అలవాటు లేదని నాకు తెలుసు, అయినా అడుగు.

ఇంట్లో ఫోను మోగితే శ్రుతి పోతుందని బాబాయి ఇప్పటికీ పెట్టనివ్వడు. ఉత్తరాలే మనకి దిక్కు.

నీ అక్క


జూన్ 11

అక్కా,

నీ చెవులపిల్లి నమస్కారాలు. దేవుణ్ణి అడిగాను. "ఎవరు నువ్వు?" అని ఆయన అడిగినట్టనిపించింది.

ఆదివారం పిన్నిని చూసొచ్చాను. మోకాళ్ళ గురించి దిగులు పెట్టుకోకు. నేను వెళ్ళేసరికి పిన్ని నిచ్చెనెక్కి అటక మీది సామాను దించుతోంది. ఎప్పుడొస్తావు పిన్నీ అని అడిగితే, "ఆ కుళాయి ఉన్న ఇంట్లో నేను అడుగు పెట్టను" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

అక్కా, నాకు తల మీద మొట్టికాయ వేసినట్టయింది. మనం ఎంత మొద్దులం! నలభై ఏళ్ళుగా ఆ మనిషి చెవి పక్కన టిక్కు టిక్కు. ఆ బాధ నాకు తెలుసు, ఎందుకంటే మూడు నెలలుగా నా పనే అది. బాబాయి స్టూడియోలో పాడలేనన్నాడని అప్పటి వాళ్ళు మిషను మోసుకుని మన పెరటికి వచ్చేవాళ్ళు కదా. ఏ పాట తీసినా వెనక కుళాయి చుక్క బకెట్లో పడుతూనే ఉంటుంది. కొత్త మిషను పెట్టి ఒక్కో పాటలోంచీ ఆ చుక్కని ఏరేస్తున్నాను, బియ్యంలో రాళ్ళేరినట్టు. ప్రతి టేపు మొదట్లోనూ పిన్ని టీ పోస్తూ "ఇంకాస్తా?" అనడం, బాబాయి "చాలు" అనడం ఉంది. పెద్ద గాయకుడి పాట ముందు టీ గోల బాగుండదని ఆ ముక్కలన్నీ కత్తిరించేశాను.

సభలో బాబాయి వేసిన కుళాయి జోకు చదివి ఇక్కడ అందరం నవ్వుకున్నాం.

మీ ఊళ్ళోనే ఒక మంచి ప్లంబరుకి కబురు పంపాను. ఈ వారంలో వస్తాడు. కారడం ఆగిపోతే పిన్ని తిరిగొస్తుంది. బాబాయికి ముందే చెప్పకు, చూసి సంబరపడతాడు.

నీ తమ్ముడు


జూన్ 20

తమ్ముడికి,

నీ ప్లంబరు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. బాబాయి క్షవరానికి వెళ్ళిన సమయం చూసి పాత కుళాయి ఊడదీసి సంచిలో వేసుకుని, తళతళలాడే కొత్తది బిగించాడు. దానికి తిప్పే పిడి లేదు, పైకెత్తే మీట ఉంది. ఎత్తితే ధార, దించితే ఏమీ లేదు. "ఇక చుక్క కారితే నన్ను చెప్పుతో కొట్టండమ్మా" అన్నాడు. అంత మాటెందుకు నాయనా అని టీ ఇచ్చి పంపాను.

బాబాయి వచ్చి పీట మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. కళ్ళు తెరిచి, "ఇంట్లో ఎవరు పోయారు?" అన్నాడు.

కొత్త కుళాయిని చూపించాను. పైకీ కిందకీ చూసి, చేత్తో తట్టి, పెళ్ళిచూపుల్లో పిల్ల బదులు ఇంకొకరొచ్చి కూర్చున్నట్టు మొహం పెట్టాడు. తర్వాత పాడి చూశాడు. తమ్ముడూ, నువ్వు వినలేదు కాబట్టి సరిపోయింది. మొదటి మాట బ్రేకుల్లేని బస్సులా పరిగెత్తింది, రెండో మాట పంక్చరై ఆగిపోయింది. మూడు రోజులుగా ఇదే వరస. పాటలు రాసేటప్పుడు కూడా ఆయనకి చుక్కే కొలత కదా. పదం చుక్కలో ఇమడకపోతే పదాన్ని మార్చేవాడు గానీ చుక్కని ఒక్క మాట అనేవాడు కాదు. ఇప్పుడు పదాలన్నీ కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాయంటున్నాడు.

నిన్న తబలా తాత పరామర్శకి వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, "నాకు గురువు పోయాడమ్మా. జీవితమంతా వాడెలా పడితే నేనలా వాయించాను" అని కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. బాబాయి ఆయన వీపు నిమిరాడు. ఇద్దరూ కుళాయి వైపు చూడకుండా టీ తాగారు.

పొద్దున ప్రార్థనలో, స్వామీ, మా కుళాయి మళ్ళీ కారేలా చూడు అని అడిగేశాను. వెంటనే సిగ్గేసింది. ఊళ్ళో ఎంతమంది కారే కుళాయి ఆగాలని అడుగుతుంటారో.

నీ అక్క


జూన్ 27

అక్కా,

గొంతు బిళ్ళలు పార్సిల్లో పంపాను, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ముసలితనంలో గొంతు పట్టెయ్యడం మామూలే, దానికీ కుళాయికీ ముడి పెట్టకండి. తాళం కావాలంటే మా అత్తగారి గడియారం ఒకటి పంపుతున్నాను. దాని టిక్కు వీధిలోకి వినిపిస్తుంది.

పిన్నికి శుభవార్త చెప్పాను. కుళాయి తీయించేశాను పిన్నీ, కొత్తది చుక్క కూడా కారదు అన్నాను. "ఆయన పాడుతున్నారా?" అంది. లేదు, గొంతు పోయింది అన్నాను. "పాపం" అంది. అని కూర రెండోసారి వడ్డించుకుంది. ఈ మధ్య సరిగ్గా తినడం లేదని వాళ్ళక్కయ్య దిగులుపడుతోంది, కాబట్టి ఇది మంచి లక్షణమే. వస్తావా అంటే మాత్రం, "కొత్త దానికి కూడా సన్మానం చెయ్యమను" అంది. అర్థం కాలేదు.

ఇంకో చిన్న చిక్కు. శుభ్రం చేసిన పాటలు మా డైరెక్టరు విన్నాడు. "వానొచ్చి వెళ్ళాక చూరు మాటాడింది" మోగుతుంటే, జనం ఇప్పటికీ గుమ్మాల్లో పాడుకునే పాట కదా, ఆయన సగంలో ఆపించి, "ఏమయ్యా, ఈయన పళ్ళసెట్టు తీసేసి పాడినట్టుంది, ఎక్కడో ఏదో జారిపోయింది" అన్నాడు. అంతా శుభ్రంగా ఉంది సార్ అన్నాను. "అదే" అన్నాడు.

నీ తమ్ముడు


జూలై 5

తమ్ముడూ,

మీ అత్తగారి గడియారం చేరింది. ఆవిడ లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. బాబాయి దాంతో రెండు రోజులు కుస్తీ పట్టి దుప్పటి కప్పేశాడు. "అమ్మాయ్, ఇది చెప్పుకుపోతుందే గానీ వినదు. మన కుళాయి వినేది. నేను ఊపిరి తీసుకోవాలంటే ఆగేది. పై స్థాయికి వెళ్తే తోడొచ్చేది. దగ్గొస్తే తల వంచుకుని నిలబడేది" అన్నాడు. కుళాయికి తల ఎక్కడిది బాబాయ్ అన్నాను. "నీకు సంగీతం తెలీదు" అన్నాడు. నిజమే, నాకు తెలీదు.

ఇక లాభం లేదని ప్లంబరుని పిలిపించి పాత కుళాయి తెమ్మన్నాను. అతను తలపట్టుకున్నాడు. ఈ నెల రోజుల్లో ఊడదీసినవన్నీ ఒకే గోనెసంచిలో పడేశాడట. సంచి మొత్తం తెచ్చి పెరట్లో గుమ్మరించాడు. ఒక్కొక్కటే బిగించడం, బాబాయి కళ్ళు మూసుకుని వినడం. ఒక దానికి "ఇది ఏడుపుగొట్టుది" అన్నాడు. ఇంకో దానికి "ఏ ఇంట్లోదో గానీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి పడదు" అన్నాడు. ప్లంబరు ఉలిక్కిపడి, "అది మా ఇంట్లోదేనండీ" అన్నాడు. మరొకటి బాగానే పడుతోంది అనుకునేలోపు, "ఇది ప్రభుత్వ కార్యాలయంలోది, మధ్యాహ్నం పనిచెయ్యదు" అని పక్కన పెట్టించాడు. పాపం ఆ ప్లంబరు, "అమ్మా, కారనివ్వనని పేరు తెచ్చుకున్నవాణ్ణి, కారించానని తెలిస్తే నన్నెవరు పిలుస్తారు" అని వీధి తలుపు వేయించి పనిచేశాడు.

చివరికి సంచి అడుగున మనది దొరికింది. పిడికి నీలం దారం కట్టి ఉంది, పిన్ని కుట్టుమిషను దారం. బాబాయి దాన్ని రెండు చేతుల్తో అందుకున్నాడు. బిగించారు. తబలా తాత కూడా వచ్చి కూర్చున్నాడు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం.

ఒక్క చుక్క కారలేదు.

ప్లంబరు విప్పాడు, చూశాడు, మళ్ళీ బిగించాడు. "అమ్మా, దీనికి ఏ రోగమూ లేదు. లోపల వాషరు కొత్తదానిలా ఉంది. అసలిది కారే కుళాయే కాదు" అన్నాడు. బాబాయి లేచి, "నలభై ఏళ్ళు కారింది. ఇప్పుడు అలిగింది" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. అప్పటినుంచి పలకడం లేదు. ముప్ఫయ్యో తేదీ దగ్గరికొస్తోంది. పాటకి ఇంకా ఒక్క పాదమే ఉంది.

మామూలుగా నేను అద్భుతాల్ని శంకించను. కానీ దేవుడు కుళాయిలో ఉన్నాడని బాబాయితో పాటు అనుకోవడానికి మనసొప్పడం లేదు. నువ్వు చదువుకున్నవాడివి, కొంచెం ఆలోచించు.

అక్క


జూలై 12

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ ఉత్తరంలో ప్లంబరు అన్న మాట చదవగానే కత్తిరించి పారేసిన టేపు ముక్కల కోసం పరిగెత్తాను. నా అదృష్టం, ఏదీ పారేసే గుణం నాకు లేదు, అన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఒకటి తీసి మిషనుకెక్కించాను. పిన్ని "ఇంకాస్తా?" అంటుంది. తర్వాత సన్నగా కీచుమని ఒక చప్పుడు. నేను ఇన్నాళ్ళూ అది టీ గిన్నె అనుకున్నాను. ఆ తర్వాత చుక్కలు కొంచెం నెమ్మదిస్తాయి. బాబాయి "చాలు" అంటాడు. పాట మొదలవుతుంది.

అక్కా, అది టీ కాదు. పిడి తిప్పిన చప్పుడు. ఆ కుళాయి తనంతట తాను ఎన్నడూ కారలేదు; పిన్ని వెళ్ళాక ప్లంబరు వచ్చేదాకా కారింది కూడా ఆవిడ వదులుగా వదిలేసి వెళ్ళిన పిడి వల్లే. ప్రతి పాటకీ పిన్ని పక్కన కూర్చుని పిడి మీద చెయ్యి పెట్టి చుక్కని కొలిచి వదిలింది. ఆయన ఊపిరి తీసుకుంటే బిగించింది, సాగదీస్తే వదులు చేసింది. నేను మూడు నెలలు కష్టపడి బాబాయి పాటల్లోంచి పిన్నిని ఏరేశాను.

ఆ ముక్కలన్నీ వరసగా అతికించాను. మొదట్లో గొంతు చిన్నపిల్లది, "ఇంకాస్తా?" అని సిగ్గుగా. తర్వాత ఒకదాంట్లో జలుబు. ఒకదాంట్లో నిద్ర. ఒకదాంట్లో నవ్వాపుకోలేక. ఒకదాంట్లో మాటే లేదు, పిడి మాత్రం రెండుసార్లు గట్టిగా కీచుమంది, ఆ రోజు పోట్లాడుకుని ఉంటారు. చివరివి మనం ఇప్పుడు వినే గొంతు. బాబాయిది మాత్రం మొదటినుంచీ చివరిదాకా ఒకటే, "చాలు".

పట్టుకెళ్ళి పిన్నికి వినిపించాను. కుట్టుమిషను ఆపి వింది. "నా గొంతు అప్పట్లో బాగుండేదే" అంది. సభలో చప్పట్లు ఎందుకు కొట్టావు పిన్నీ అన్నాను. "కుళాయికి కొట్టాను. ఎంత పెద్దమనిషి అది! నా గురించి ఒక్క మాట బయటికి చెప్పలేదు" అంది.

టేపు పంపుతున్నాను. బాబాయికి వినిపించు. నేను వేసిన ప్రతి కత్తెరకీ క్షమించు.

నీ చెవులపిల్లి


జూలై 18

తమ్ముడూ,

వినిపించాను. బాబాయి మొత్తం విని, "మొదటినుంచీ పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టాను. మూడోసారి అయ్యాక నేనే ఆపి అడిగాను.

"ఇంకాస్తా అంటున్నదెవరు బాబాయ్?"

"మీ పిన్ని. టీ సంగతి."

"మరి చాలు అని నువ్వన్నది ఎవరితో?"

"కుళాయితో. నేను చాలనగానే ఆగేది. అంత విన్నది కాబట్టే కదా దణ్ణం పెట్టాను."

"పిన్ని ఎక్కడుండేది?"

"అక్కడే, కుళాయి పక్కన. టీ ఇవ్వాలి కదా." అలా అంటూ ఆగాడు. "నేను కళ్ళు మూసుకుని పాడేవాణ్ణమ్మాయ్" అన్నాడు. తర్వాత, "నలభై ఏళ్ళలో ఒక్కసారీ టీ రాలేదు" అన్నాడు.

వెళ్ళి పిన్నికి చెప్పు బాబాయ్ అన్నాను. "దానికి తెలుసులే. ఇన్నేళ్ళ కాపురం, ప్రత్యేకంగా చెప్పాలా" అన్నాడు. తమ్ముడూ, నేను ఎవరి మీదా గొంతు పెంచినదాన్ని కాదు. అప్పుడూ పెంచలేదు. "కుళాయికి తెలీదా మరి? దానికి సభ పెట్టి చెప్పావు కదా" అన్నాను. బాబాయి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. మన నాన్న పోయాక ఆయన నాకు తండ్రి. ఆ సాయంత్రం క్షమించమని దేవుణ్ణి అడిగాను. ఆయన నా పక్షమే అనిపించింది.

ఇప్పుడు బాబాయి ఉత్తరం రాస్తానని కూర్చున్నాడు. ఇన్ని వందల పాటలు రాసినవాడికి "నీకు" అనే మాట దాటి కలం కదలడం లేదు. కాగితాలన్నీ ఉండలు చుట్టి బకెట్లో వేస్తున్నాడు. ఇక నీ చేతుల్లో ఉంది. పిన్ని వస్తేనే ఆ పాటకి దారి, లేకపోతే మీ పెట్టెలో చివరి గడి ఖాళీయే.

అక్క


జూలై 24

అక్కా,

తొందరలో రాస్తున్నాను. చుక్కలన్నీ పాటల్లో మళ్ళీ పెట్టేశాను. డైరెక్టరు విని, "పళ్ళొచ్చాయి" అన్నాడు.

పెట్టె మీద అచ్చు వేసే అట్ట నమూనా పిన్నికి చూపించాను. రచన, గానం అని బాబాయి పేరు. తబలా అని తాత పేరు. దాని కింద కొత్త వరస ఒకటి వేయించాను: "కుళాయి" అని, దాని ఎదురుగా పిన్ని పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. అచ్చాఫీసు వాళ్ళు ఇది తప్పేమో అని రెండుసార్లు మనిషిని పంపారు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివి, ఆ అట్టతో మొహం కప్పుకుని నవ్వింది. ఎంతకీ ఆపకపోతే వాళ్ళక్కయ్య మంచినీళ్ళు పట్టుకొచ్చింది.

"వస్తాను. కానీ పిడి మీద చెయ్యి మాత్రం వెయ్యను, ఆయన నోరు తెరిచి మాట చెప్పేదాకా" అంది.

ఇరవై తొమ్మిదిన బస్సు. కుట్టుమిషను దించుకోవడానికి ఎవరినైనా పంపు.

తమ్ముడు


ఆగస్టు 1

తమ్ముడికి దీవెనలు.

పిన్ని వచ్చింది. బాబాయి బస్టాండుకి స్వయంగా వెళ్ళి కుట్టుమిషను మోసుకొచ్చాడు, ఆటో మాట్లాడదామంటే వినలేదు. దారంతా ఇద్దరూ మిషను గురించే మాట్లాడుకున్నారు. బరువుగా ఉందా అని ఆవిడ, లేదని ఆయన. అద్దం మళ్ళీ గోడకెక్కింది. పాటకి మాత్రం అదే ఒక్క పాదం.

ముప్ఫయ్యో తేదీ పొద్దున మీ రికార్డింగు మనిషి వచ్చాడు. పాత కుళాయి దగ్గర బాబాయి పీట, పక్కన పిన్ని పీట. పిన్ని చేతులు కట్టుకుని కూర్చుంది. బాబాయి నన్ను చూసి, "అమ్మాయ్, నువ్వు కొంచెం బయటికి" అన్నాడు. తలుపు వేశారు. నేను గుమ్మం బయట కూర్చుని నాకు వచ్చిన ప్రార్థనలన్నీ చదివాను, అయిపోతే మొదటినుంచీ మళ్ళీ చదివాను. నా ప్రార్థనల వల్ల లోపలి మాట ఒక్కటీ వినబడలేదు. దేవుడు ఒక్కోసారి అలా చేస్తాడు.

తలుపు తీశాక పిన్ని ముందు వచ్చింది. "టీ పెట్టవే, ఈయనకి ఎన్నాళ్ళుగానో బాకీ" అంది. రికార్డింగు మనిషిని ఏం జరిగిందని అడిగితే, "నేను మిషను మీది ముల్లు చూస్తుంటానమ్మా, మాటలు వినను" అన్నాడు. బాబాయిని అడగడానికి ధైర్యం చాలలేదు. టేపు అతని చేత పంపాను. ఏం జరిగిందో నువ్వే రాయాలి. పాట వచ్చిందా?

అక్క


ఆగస్టు 8

అక్కా,

పాట వచ్చింది. కానీ ముందు నుంచి రాస్తాను.

మొదట పీట జరిపిన చప్పుడు. తర్వాత పిన్ని, "ఊఁ, చెప్పండి" అంటుంది. బాబాయి గొంతు సవరించుకుంటాడు. "నువ్వు గనక లేకపోతే" అని ఆగిపోతాడు.

"సభలో బాగానే మాట్లాడారే."

"సభలో జనం ఉంటారు కదే. ఇక్కడ నువ్వొక్కదానివే ఉన్నావు."

"కుళాయి ఉందిగా. దానికే చెప్తున్నాననుకోండి."

తర్వాత బాబాయి చెప్పాడు, అక్కా. చాలాసేపు చెప్పాడు. అందులో ప్రాస లేదు, తాళం లేదు, మధ్యలో రెండుసార్లు దారి తప్పాడు. అది నేను రాయను. రాస్తే, నీకు వినబడకుండా చేసిన దేవుడు నన్నేమనుకుంటాడు? అయ్యాక పిడి కీచుమంది. "ఇంకాస్తా?" అంది పిన్ని. నలభై ఏళ్ళలో మొదటిసారి బాబాయి చాలు అనలేదు. పాడటం మొదలుపెట్టాడు.

"చెప్పని మాటొకటి నాలుక మీదుంది,
చెప్పడం రాకే నే పాటలన్ని రాశాను."

రెండో చరణంలో ఆయనకి ఊపిరి అందలేదు. చుక్క ఆగింది. ఆయన తేరుకునేదాకా ఆగి, మళ్ళీ పడింది.

డైరెక్టరు కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్లో, "పాట అద్భుతం. ముందు ఆ మొగుడూ పెళ్ళాల మాటలు మాత్రం కత్తిరించు" అన్నాడు. కత్తెర కనబడటం లేదు సార్ అన్నాను. ఆఫీసు ఆఫీసంతా బల్లల కింద వెతుకుతోంది. వాళ్ళతో పాటు నేను కూడా వెతుకుతున్నాను, జేబు మీద ఒక చెయ్యి వేసుకుని.

నీ చెవులపిల్లి